ఏళ్ల తరబడి హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవాళ్లు ఒంట్లో సత్తువ, నడక తిరిగి తెచ్చుకోవడం ఎలా

ఒకరోజు హన్మకొండ చౌరస్తాలో బస్సు దిగి నడుస్తుంటే వెనక నుంచి ఒక పిల్లాడు పిలిచాడు, "ఆంటీ, మీ చెప్పు ఇక్కడే పడిపోయింది" అని. చూసుకుంటే కుడికాలికి చెప్పు లేదు. అప్పటికే పదిహేను ఇరవై అడుగులు వేసి ఉంటాను. మే నెల, రోడ్డు కాలిపోతోంది, అయినా నాకు తెలియలేదు. మీకూ ఇలాంటిది జరిగిందా? కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తోందా, సూదిలో దారం ఎక్కించలేక పక్కింటి పిల్లను పిలుస్తున్నారా, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నారా? అయితే ఇది మీకోసమే రాస్తున్నాను.

నేను 2008లో ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, మొదలుపెట్టాను. వైరల్ లోడ్ రిపోర్టు మీద ఏళ్లుగా "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అనే వస్తోంది. అంటే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తక్కువగా ఉంది, నా నుంచి ఇంకొకరికి లైంగికంగా సోకదు కూడా. సంతోషమే. కానీ రిపోర్టు చూసి డాక్టరు "అంతా బాగుంది కదమ్మా" అంటారు, నేను తల ఊపి వచ్చేస్తాను, ఇంటికొచ్చి మెట్లెక్కలేక మొదటి మెట్టు మీదే కూర్చుంటాను. వైరస్ అదుపులో ఉండటం వేరు, ఒళ్లు మన మాట వినడం వేరు. మొదటిదానికి గోలీ ఉంది. రెండోదానికి విడిగా పని చేయాలి. ఆ సంగతి నాకు పదేళ్లు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎందుకు ఇలా అవుతుందో కొంచెం తెలుసుకుంటే భయం తగ్గుతుంది. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ రోజుల్లో ఇచ్చిన మందుల్లో స్టావుడిన్ ఒకటి. అది చాలామంది ప్రాణాలు నిలబెట్టింది, నా ప్రాణం కూడా. కానీ కాళ్లలో నరాలను దెబ్బతీసేది, బుగ్గల్లో, కాళ్లు చేతుల్లో కొవ్వు కరిగించేది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని నెమ్మదిగా మానేయమని చెప్పింది, ఆ తర్వాత ఇక్కడా మార్చారు. మందు మారినా దెబ్బతిన్న నరం పూర్తిగా కోలుకోవడం అందరికీ జరగదు. దీనికి తోడు టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ కూడా నరాలకు పడదు, అందుకే దానితోపాటు బీ6 గోలీ ఇస్తారు. జిడోవుడిన్ కొందరిలో రక్తం తగ్గిస్తుంది, కండరాలను బలహీనం చేస్తుంది. టెనోఫోవిర్ ఎముకల గట్టిదనాన్ని కొంత తగ్గిస్తుంది, కిడ్నీలపై కన్నేసి ఉంచాలి. మందులు మొదలుపెట్టకముందు మెదడుకో వెన్నుపూసకో టీబీ వచ్చి తగ్గినవాళ్లలో కొందరికి ఆ బలహీనత అలాగే మిగిలిపోతుంది. పైగా వైరస్సే నరాలను, మెదడును కొంత నలుపుతుంది. వీటన్నిటి మీద వయసు. మనం నలభై దాటామా, యాభై దాటామా అని ఒళ్లు ఊరుకోదు కదా.

అసలు పనిలోకి వెళ్లేముందు ఒక మాట. కింద చెప్పేవి నెమ్మదిగా, నెలలుగా వచ్చిన బలహీనతకు. ఉన్నట్టుండి ఒక చేయి కాలు పడిపోయినా, మూతి వంకర పోయినా, చూపు తగ్గినా, ఫిట్స్ వచ్చినా, జ్వరంతో తలనొప్పి తగ్గకపోయినా, నడుము నొప్పితోపాటు మూత్రం ఆగిపోయినా లేక తెలియకుండా పోతున్నా, అది వ్యాయామాలు చేసుకుంటూ కూర్చునే విషయం కాదు. ఆ రోజే పెద్ద దవాఖానకు వెళ్లాలి. 108కి ఫోన్ చేయండి.

మొదటి పని: రెండు వారాలు నోటుబుక్కు

పిల్లల పాత నోటుబుక్కు చాలు. రోజూ పడుకునేముందు నాలుగైదు మాటలు రాయండి. ఎంత నిద్రపట్టింది, ఎంత దూరం నడిచారు, నొప్పి పదిలో ఎన్ని మార్కులు, ఏ పని మధ్యలో ఆపేశారు, ఏం మరిచిపోయారు. చదువు రానివాళ్లు బొట్లు పెట్టుకోవచ్చు, ఎర్రబొట్టు చెడ్డరోజు, పచ్చబొట్టు మంచిరోజు. ఒకమ్మ క్యాలెండర్ మీదే గీతలు పెట్టుకుంటుంది, అదీ సరిపోతుంది.

ఎందుకంటే మన బలహీనత రోజూ ఒక్కలా ఉండదు. సోమవారం ఎనుమాముల మార్కెట్ దాకా వెళ్లి వస్తాం, మంగళవారం మంచం దిగలేం. చూసేవాళ్లకు నాటకంలా అనిపిస్తుంది. "నిన్న బాగానే ఉన్నావు కదా" అంటారు, ఆ మాట గుండెలో గుచ్చుకుంటుంది. కెనడాలో కెల్లీ ఓబ్రయన్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడి, 2008లో దీనికి ఒక పేరు పెట్టారు, ఎపిసోడిక్ డిజెబిలిటీ అని. వస్తూ పోతూ ఉండే వైకల్యం అన్నమాట. అందులో ఒంటి నొప్పులే కాదు, ఇంటిపని చేయలేకపోవడం, నలుగురిలోకి వెళ్లలేకపోవడం, రేపు ఎలా ఉంటుందో తెలియని టెన్షన్ కూడా లెక్కలోకి వస్తాయి. ఆ చివరిది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. రేపు పెళ్లికి వస్తానని ఒప్పుకోవాలా వద్దా అనేది కూడా వైకల్యమేనని నాకంటే ముందే ఎవరో గుర్తించారు.

రెండు వారాలు రాస్తే ఒక వరస కనిపిస్తుంది. నాకు తెలిసిందేమిటంటే, మంచిరోజున ఎగబడి నాలుగు రోజుల పని చేసేస్తున్నాను, ఆ మర్నాటి నుంచి మూడు రోజులు పడిపోతున్నాను.

రెండో పని: ఇంట్లోనే కొలుచుకోవడం

ఒక ప్లాస్టిక్ కుర్చీని గోడకు ఆనించి పెట్టండి, జారకుండా. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. ఇంకొకరిని ఫోన్‌లో సెకన్లు చూడమనండి. 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టే. మొదటిసారి నాకు 21 పట్టింది. చేతులు పట్టుకోకుండా అసలు లేవలేకపోతే అదే రాసుకోండి, సిగ్గుపడాల్సింది లేదు.

తర్వాత గోడ పక్కన నిలబడి, ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్లకు తగిలేలా ముందూ వెనకా పెట్టి, 10 సెకన్లు నిలబడగలరేమో చూడండి. పక్కన మనిషి ఉండాలి, ఒంటరిగా చేయకండి. ఆ తర్వాత కళ్లు మూసుకుని కూర్చుని, ఇంట్లోవాళ్లను పత్తి పింజతో బొటనవేలు, చిటికెనవేలు, మడమ తాకమనండి, ఎప్పుడు తాకారో మీరు చెప్పండి. రెండు కాళ్లకూ వేళ్ల దగ్గర తెలియక, పైకి పోయేకొద్దీ తెలుస్తుంటే అది నరాల బలహీనత లక్షణం, ఆ మాటే డాక్టరుకు చెప్పండి. చేతులకైతే జాకెట్ హుక్స్ పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతోందో చూసుకుంటే చాలు.

మూడో పని: ఏఆర్‌టీ సెంటర్లో నోరు తెరవడం

ఇదే అన్నిటికన్నా కష్టం అనిపిస్తుంది నాకు. వరంగల్ ఎంజీఎం దవాఖాన కావచ్చు, మీ జిల్లాలో ఏ సెంటరైనా కావచ్చు, లైన్ పెద్దది, వెనక మనిషి నిలబడి ఉంటారు, పొద్దున ఏటూరునాగారం నుంచో భూపాలపల్లి నుంచో బస్సెక్కి వచ్చినవాళ్లు సాయంత్రం బస్సు అందుకోవాలి. అందుకే గోలీలు తీసుకుని వెళ్లిపోతాం. ఈసారి అలా చేయకండి. నోటుబుక్కు తీసుకెళ్లి ఒకే పేజీలో మూడు మాటలు రాసి ఇవ్వండి: నేను ఏ పని చేయలేకపోతున్నాను, ఎప్పటి నుంచి, కుర్చీ పరీక్షలో ఎన్ని సెకన్లు పట్టింది. "కాళ్లు గుంజుతున్నాయి" అంటే నొప్పి గోలీ రాస్తారు. "రెండు పాదాలూ మొద్దుబారాయి, చెప్పు జారినా తెలియడం లేదు, రెండుసార్లు పడ్డాను" అంటే పరీక్షిస్తారు.

రక్తం శాతం, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), థైరాయిడ్, బీ12, విటమిన్ డి చూడాలా అని అడగండి. కాళ్ల తిమ్మిర్లన్నీ హెచ్‌ఐవీ వల్లే అనుకోకూడదు, షుగర్ వల్ల, బీ12 తక్కువై, కల్లు గుడుంబా ఎక్కువై కూడా వస్తాయి, వాటికి చికిత్స ఉంది. ఫిజియోథెరపీకి రాసిమ్మని కూడా మీరే అడగాలి. ఎంజీఎంలో ఆ విభాగం ఉంది, ఓపీ చీటీ మీద ఒక్క లైను రాస్తే వెళ్లొచ్చు.

మందుల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో పొరపాట్లు చాలా జరుగుతాయి.

ఇప్పుడు ఎక్కువమందికి రోజుకు ఒక్క గోలీ, అందులో డోలుటెగ్రావిర్ ఉంటుంది. ఎముకలకని కాల్షియం, రక్తానికని ఐరన్ ఇస్తే వాటిని ఏఆర్‌టీ గోలీతో కలిపి ఖాళీ కడుపున మింగకండి, ఏఆర్‌టీ గోలీ ఒంటికి పట్టదు. అన్నంతో అయితే ఏఆర్‌టీ గోలీతో కలిపి వేసుకోవచ్చు. లేదంటే ఏఆర్‌టీ గోలీ ముందు వేసుకుని 2 గంటల తర్వాత కాల్షియం, ఐరన్. అవి ముందే వేసుకున్నారా, 6 గంటలు ఆగి ఏఆర్‌టీ గోలీ. కడుపులో మంటకు తాగే గ్యాస్ సిరప్‌కు మాత్రం అన్నంతో అయినా ఈ ఎడం తప్పదు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఏఆర్‌టీ డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, దాని మోతాదుకు హద్దు ఉంది. ఫిట్స్‌కో నరాల నొప్పికో కార్బమజెపైన్, ఫెనిటాయిన్ లాంటివి బయట రాస్తే, అవి డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గించేస్తాయి. నరాల మంటకు వేరే మందులు ఉన్నాయి, డాక్టరును అడిగితే మార్చి ఇస్తారు. బీ6 మంచిదే కదా అని సొంతంగా కొనుక్కుని పెద్ద మోతాదులో నెలల తరబడి మింగకండి, అది ఎక్కువైతే అదే నరాలను పాడుచేస్తుంది.

ఇక నొప్పి సూదులు. మన ఊళ్లలో మోకాలు నొస్తే, నడుము నొస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి సూది వేయించుకుని పొలానికి పోవడం అలవాటు. నేనూ రెండేళ్లు వారానికో సూది వేయించుకున్నాను, ఏం మందో అడగలేదు, ఆయనా చెప్పలేదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు టెనోఫోవిర్ వాడేవాళ్ల కిడ్నీలకు మరీ ప్రమాదం. స్టెరాయిడ్ సూదులైతే ఇంకో రకం ముప్పు. మొదటి ఏఆర్‌టీ మందులు పనిచేయక మార్చి ఇచ్చే రెండో వరస మందుల్లో రిటోనావిర్ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ ఒంట్లో పేరుకుపోతుంది, ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, కీలులోకి వేసే ఒక్క సూదితో కూడా ఇది జరగొచ్చు. స్టెరాయిడ్లు, మద్యం రెండూ తుంటి ఎముకకు రక్తం అందకుండా చేస్తాయి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఆ జబ్బు మామూలుగానే ఎక్కువ. గజ్జల్లో లోపలి నుంచి నొప్పి, కుంటుతూ నడవడం, మఠం వేసుకుని కూర్చోలేకపోవడం ఉంటే అది మోకాలి నొప్పి అనుకుని నెట్టుకురాకండి. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించదు, ఎంఆర్‌ఐలోనే తెలుస్తుంది. ముందే పట్టుకుంటే తుంటిని కాపాడుకునే వీలుంటుంది, లేటైతే కీలు మార్చాల్సి వస్తుంది.

ఒళ్లు నొప్పులు మందుల వల్లేనని అనుమానం వచ్చినా ఏఆర్‌టీ మాత్రం సొంతంగా ఆపకండి. ఒక్కరోజు కూడా.

నాలుగో పని: వ్యాయామం

"మనకు వ్యాయామం ఏంటి, నిలబడటానికే ఓపిక లేదు" అని నేనూ అన్నాను. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, నా కూతురి వయసుంటుంది, "అక్కా, ఓపిక ఉన్నాక చేయడం కాదు, చేస్తే ఓపిక వస్తుంది, పది రోజులు నా మాట విను" అంది. నాకు పది రోజుల్లో ఏమీ తేడా కనిపించలేదు. నిజం చెప్పాలంటే నెల దాటాకే కనిపించింది. పరిశోధనల్లోనూ అంతే తేలింది: ఆరోగ్యం నిలకడగా ఉన్న హెచ్‌ఐవీ మనుషులు వారానికి కనీసం మూడుసార్లు, ఒక్కోసారి 20 నిమిషాలకు తగ్గకుండా, ఐదు వారాలైనా చేస్తే గుండె దమ్ము, కండబలం, మనసు నెమ్మది మెరుగవుతాయి. వైరస్ పెరగదు, సీడీ4 (జబ్బులతో పోరాడే కణాల లెక్క) తగ్గదు. ఈ భయం చాలామందికి ఉంటుంది కాబట్టి మళ్లీ చెబుతున్నాను, వ్యాయామంతో జబ్బు తిరగబెట్టదు.

మొదటి వారం 20 నిమిషాలు ఒకేసారి వద్దు. పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు నడవండి. వేగం ఎంతుండాలంటే, పక్కమనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ పోండి. మన దగ్గర ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు ఏడింటిలోపే ముగించాలి. హన్మకొండలో ఉన్నవాళ్లకు భద్రకాళి బండ్, స్టేడియం ఉన్నాయి, నేల చదునుగా ఉంటుంది, పొద్దున్నే వందమంది నడుస్తుంటారు, మనల్ని ఎవరూ పట్టించుకోరు. ఊళ్లో అయితే బడి గ్రౌండ్ మేలు. పొలం గట్టు వద్దు, పాదం మొద్దుబారినవాళ్లకు గట్టు మీద మడమ మెలిక పడుతుంది.

నడకతో పాటు బలానికి ఇవి చేయండి. అదే కుర్చీలో లేచి కూర్చోవడం, ఎన్ని చేయగలిగితే అన్ని, మధ్యలో ఆగుతూ మూడు విడతలు. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం, పదిసార్లు. గోడకు చేతులు ఆనించి ఒంటిని ముందుకు వంచి వెనక్కి నెట్టడం. లీటరు నీళ్ల సీసాలు చేతుల్లో పట్టుకుని మోచేయి మడిచి చాపడం. నిలకడకైతే గట్టు పట్టుకుని ఒంటికాలి మీద, మొదట రెండు చేతులతో, తర్వాత ఒక చేత్తో, తర్వాత రెండు వేళ్లతో. రోజు విడిచి రోజు చాలు, కండకు తేరుకునే టైం కావాలి.

జ్వరం ఉన్నప్పుడు, విరేచనాలప్పుడు, ఛాతీలో నొప్పి వస్తే, కొత్తగా ఆయాసం వస్తే ఆపేయాలి. తీపులు రెండు రోజుల్లో తగ్గితే ఫర్వాలేదు, కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఆ కదలిక మానేసి చూపించుకోండి. చెడ్డరోజున అసలు మానేయడం కంటే మంచం మీదే కాళ్లు ముడిచి చాచడం పదిసార్లు చేసి, నోటుబుక్కులో టిక్కు పెట్టుకోండి. అలవాటు తెగకుండా ఉంటుంది.

తిండి గురించి ఒక్క మాటే. కండ పెరగాలంటే పప్పు, గుడ్డు, పల్లీలు, పెరుగు రోజూ ఏదో ఒక పూట పళ్లెంలో ఉండాలి. కిడ్నీ సమస్య ఉందని చెప్పి ఉంటే ఎంత తినాలో డాక్టరును అడిగాకే.

ఐదో పని: పాదాలు

ఒక చలికాలం కాళ్లు చల్లగా ఉన్నాయని మరిగించిన నీళ్లలో కొంచెం చన్నీళ్లు కలిపి పాదాలు పెట్టాను. హాయిగానే ఉంది. సాయంత్రానికి బొబ్బలు. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలు కుట్టుమిషన్ తొక్కలేదు, సంపాదన లేదు. అందుకే ఈ విషయంలో నా మాట వినండి.

నీళ్ల వేడి పాదంతో చూడకండి, మోచేతితో చూడండి. చలిమంట దగ్గర కాళ్లు చాపి కూర్చోకండి, వేడి ఇటుక కాపడం, హాట్ వాటర్ బ్యాగ్ పాదాలకు వద్దు. రోజూ రాత్రి పడుకునేముందు లైటు వేసి రెండు పాదాలూ చూసుకోవాలి, అరికాలు కనిపించకపోతే కింద చిన్న అద్దం పెట్టుకోండి. వేళ్ల సందులు తడి లేకుండా తుడవాలి. పగుళ్లకు కొబ్బరినూనె రాయవచ్చు, సందుల్లో మాత్రం రాయకూడదు. ఆనెకాయను బ్లేడుతో కోసుకోవడం వద్దు. మట్టెలు బిగుతైతే తీసేయండి, వేలు వాచి పుండు పడినా తెలియదు. మా అత్తమ్మ ఈ మాటకు చాలా బాధపడింది, వదులుగా ఉండేవి చేయించి తొడుక్కున్నాను.

హవాయి చెప్పులు మనకు పనికిరావు. వెనక పట్టీ ఉండి, లోపల మెత్తగా ఉండే సాండల్ కొనండి, సాయంత్రం కొనండి, అప్పుడు పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది కాబట్టి సరైన సైజు తెలుస్తుంది. వేసుకునేముందు తిరగేసి దులపండి, ఒకసారి నా చెప్పులో తుమ్మముల్లు సగం రోజు ఉంది. పొలంలో వట్టికాళ్లతో దిగడం మానాలి. నాట్లు వేసేవాళ్లకు ఇది చెప్పడం సులువు, చేయడం కష్టం, బురదలో చెప్పు నిలవదు. ఆ పనికి బదులు నారు కట్టలు అందించడం, వంట చేసి తేవడం లాంటివి మార్చుకోగలరేమో చూడండి, లేకపోతే కనీసం దిగేముందు, ఎక్కాక పాదాలు చూసుకోండి. పుండు పడితే పసుపు పెట్టి వదిలేయకండి, రెండు రోజుల్లో చూపించాలి.

ఆరో పని: ఇంటిని, పనిని మార్చుకోవడం

కూర్చుని చేయగలిగే పని నిలబడి చేయకండి. వంటింట్లో ఎత్తుపీట వేసుకుంటే కూరగాయలు తరగడం, చపాతీలు ఒత్తడం అన్నీ అయిపోతాయి. కింద కూర్చునే బాత్రూం అయితే కుర్చీలాంటి కమోడ్ స్టాండ్ దొరుకుతుంది, గోడకు ఒక ఇనుప పట్టీ బిగించుకోండి, ప్లంబర్‌కు అరగంట పని. రాత్రి బాత్రూంకు వెళ్లే దారిలో లైటు వెలుగుతూ ఉండాలి, ఎందుకంటే పాదాలకు నేల తెలియనివాళ్లు కళ్లతోనే నిలదొక్కుకుంటారు, చీకటైతే పడిపోతారు. కొత్తవాడలో దర్రీలు నేసేవాళ్లు, జగిత్యాల వైపు బీడీలు చుట్టేవాళ్లు, నాలాగా మిషన్ కుట్టేవాళ్లు ఒక్కటి చేయండి: ప్రతి 40 నిమిషాలకు ఫోన్‌లో అలారం పెట్టుకుని లేచి రెండు నిమిషాలు నడవండి. నేను మిషన్‌కు చిన్న మోటరు పెట్టించుకున్నాను, తొక్కే బాధ తప్పింది. పత్తి ఏరేవాళ్లు ఒడి నిండేదాకా మోయకుండా సగంలోనే దించుకోవాలి.

మంచిరోజున ఓపికలో కొంత మిగుల్చుకోండి. పది జాకెట్లు కుట్టగలిగిన రోజు ఏడు కుట్టి ఆపడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. నెలాఖరుకు లెక్క చూస్తే ముందుకంటే ఎక్కువే కుట్టాను.

ఏడో పని: మతిమరుపు, మనసు

గోలీ వేసుకున్నానా లేదా అనే అనుమానం రోజూ వస్తుంటే వారం డబ్బా కొనుక్కోండి, అరలో గోలీ లేదంటే వేసుకున్నట్టు. తాళాలు, ఫోన్, దవాఖాన పుస్తకం ఒకే మేకుకు వేలాడే సంచిలో ఉండాలి. లెక్కలు తప్పడం, తెలిసిన దారి మరిచిపోవడం, మాట నెమ్మదించడం ఉంటే ఏఆర్‌టీ డాక్టరుకు చెప్పండి, హెచ్‌ఐవీ మెదడు మీద చూపే ప్రభావం కావచ్చు, దిగులు కూడా కావచ్చు. దిగులు పట్టిన మనిషికి కాలు కూడా కదలదు. 14416 టెలిమానస్, అంటే మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. హెచ్‌ఐవీ గురించి ఏ అనుమానమైనా 1097. ఇంట్లో ఒక్కరికైనా మీ చెడ్డరోజుల గురించి చెప్పి ఉంచండి. నేను మా అబ్బాయికి చెప్పాను, వాడు "అమ్మా, ఇన్నాళ్లూ బద్ధకం అనుకున్నానే" అని పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఎనిమిదో పని: కాగితాలు

హెచ్‌ఐవీ ఒక్కటే ఉంటే దాన్ని వైకల్యంగా లెక్కించరు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి, నడక, చేతుల పట్టు, చూపు, వినికిడి లాంటివి దెబ్బతింటే ఆ లెక్కన 40 శాతం, ఆపైన ఉంటే సర్టిఫికెట్‌తో వచ్చే ప్రయోజనాలు అందుతాయి. మనం ఇన్నాళ్లూ సదరం సర్టిఫికెట్ అనేది ఇప్పుడు యూడీఐడీ కార్డు, అంటే దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు. మీసేవలో గానీ స్వావలంబన్ పోర్టల్‌లో గానీ దరఖాస్తు చేసి, పిలిచిన రోజు దవాఖానకు వెళ్లాలి. పాదాలు మొద్దుబారడం ఒక్కదానితో 40 శాతం రావడం కష్టం, అక్కడ కదలిక, బలం, నడక కొలుస్తారు. అందుకే ఫిజియో రాసిన కాగితాలు, ఎంఆర్‌ఐ, పడిపోయిన తేదీలున్న మీ నోటుబుక్కు తీసుకెళ్లండి. సర్టిఫికెట్‌లో జబ్బు పేరు రాసేచోట నరాల బలహీనత అనో తుంటి జబ్బు అనో రాయమని అడగవచ్చు.

పెన్షన్ విషయం. తెలంగాణ ప్రభుత్వ ఆసరా పెన్షన్ (ఇప్పుడు చేయూత అంటున్నారు) 2023 నాటికి ఏఆర్‌టీ వాడేవాళ్లకు నెలకు 2016 రూపాయలు, వికలాంగులకు 4016 ఉండేది. ఒకే మనిషికి రెండు రావు. కాబట్టి 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లు వికలాంగుల పెన్షన్‌కు మారడం గురించి మున్సిపాలిటీలోనో మండల ఆఫీసులోనో అడగాలి, పాతది ఆపించుకునేముందు కొత్తది ఎప్పటి నుంచి వస్తుందో కచ్చితంగా తెలుసుకోండి. చాలామంది ఏఆర్‌టీ పెన్షన్ వద్దనుకునేది పంచాయతీలో పేరు బయటపడుతుందనే. ఆ భయం నాకు తెలుసు. వైకల్యం పేరుతో తీసుకుంటే ఆ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తీసేయడం, దవాఖానలో చికిత్సకు నిరాకరించడం, మీ అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పడం నేరుగా చట్టవిరుద్ధం. నన్ను ఒక చోట ఫిజియోథెరపీ టేబుల్ ఎక్కొద్దన్నారు, "మా పేషెంట్లు రారు" అని. అప్పుడు చట్టం తెలియక దిగి వచ్చేశాను. మీకు జరిగితే తేదీ, టైం, అన్న మాటలు నోటుబుక్కులో రాసుకుని, 15100కి ఫోన్ చేయండి, అది ఉచిత న్యాయసహాయం నంబరు. అయితే మందులు రాసే డాక్టరు దగ్గర ఏఆర్‌టీ గోలీల పేర్లు దాచకండి, పైన చెప్పిన కలవని మందులన్నీ అలా దాచినప్పుడే ఒంట్లోకి వస్తాయి.

ఆరు వారాలయ్యాక

అదే కుర్చీ, అదే గోడ, అదే మనిషి ఫోన్ పట్టుకుని. మళ్లీ ఐదుసార్లు లేచి కూర్చోండి. రెండు సెకన్లు తగ్గినా తగ్గినట్టే, అక్కడి నుంచి ఇంకో ఆరు వారాలు. ఏమీ తగ్గకపోతే లేదా పెరిగితే వ్యాయామం వదిలేయకుండా ఆ నోటుబుక్కుతో మళ్లీ ఫిజియో దగ్గరికి, ఏఆర్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి, మనం చేసేదాన్ని మార్చాల్సి ఉండొచ్చు, కొత్త జబ్బేదైనా ఉండొచ్చు. నాకు మొదటి ఆరు వారాల్లో 21 నుంచి 18కి వచ్చింది, తర్వాత చికున్‌గున్యా వచ్చి మళ్లీ 20 అయింది, ఆ రోజు కుర్చీలోనే కూర్చుని చాలాసేపు లేవలేదు. మర్నాడు వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం దగ్గర మొదలుపెట్టాను. ఈ బతుకమ్మకు కొలిస్తే 14. పాదాలు ఇప్పటికీ మొద్దుగానే ఉన్నాయి, కానీ సద్దుల రోజు వెనక పట్టీ ఉన్న సాండల్ వేసుకుని పద్మాక్షి గుట్ట దాకా నడిచి, మూడు పాటలకు చప్పట్లు కొడుతూ తిరిగి, నాలుగో పాటకు పక్కకు వచ్చి కూర్చున్నాను.